బల్ల అడుగున టేపు

"మధ్యాహ్నం పన్నెండుకి సిగ్నల్ వెళ్లకపోతే, సరిహద్దు అవతల మనవాళ్లు ఆరుగురూ గుట్టు బయటపడిందనుకుని దాక్కున్న చోటు వదిలేస్తారు. బయట శత్రువులు కాచుకుని ఉన్నారు," అన్నాడు చీఫ్. "ఆ సిగ్నల్ పంపేది నీ సీనియర్ వాడిన కంప్యూటరే. దాని డిస్క్ పోయేలా ఉంది. సిస్టమ్ మొత్తం కొత్త డ్రైవ్‌లోకి మార్చెయ్."

ఏజెంట్ టెన్ మెకానిక్ వేషంలో ఆ మూడో అంతస్తు గదికి చేరేసరికి పదిన్నర. తనకు ఈ పని నేర్పిన సీనియర్‌ని నిన్న ఈ గదిలోనే ఎవరో కాల్చి చంపారు. కుర్చీ ఇంకా ఆయన వీపు ఆకారంలోనే గుంటపడి ఉంది. దానికి ఏదో ఖరీదైన సెంటు వాసన. అందులో కూర్చోవడానికి టెన్‌కి మనసొప్పలేదు.

నిలబడే స్విచ్ నొక్కాడు. పాత డిస్క్ టిక్కుటిక్కుమంది. స్పీకర్‌లోంచి సీనియర్ గొంతు పలికింది.

"వచ్చావా? ముందు చేతులు కడుక్కో."

టెన్ గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. చిప్స్ తిన్న చేత్తో కీబోర్డు ముట్టుకునే శిష్యుడి కోసం, సిస్టమ్ తెరుచుకోగానే వినిపించేలా ఆయన రికార్డు చేసిపెట్టిన మాట అది.

పదకొండు నలభైకి కాపీ పూర్తయింది. అప్పుడే, హెడ్డాఫీసులో కోడ్‌లు విప్పే డీకోడర్‌నంటూ ఒకామె వచ్చింది. నల్ల గాగుల్స్, ఎత్తు మడమలు. కోడ్‌వర్డ్ తడబడకుండా చెప్పి, పాత డిస్క్ ల్యాబ్‌కి కావాలంది. పని అయిపోయిందన్న ధీమాతో టెన్ విప్పి ఇచ్చేశాడు. ఆమె వెళ్లాక గదిలో సెంటు వాసన మిగిలింది. కుర్చీ వాసనే.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. గేటు దగ్గర పట్టుకున్నారు గానీ, ఆమె అప్పటికే డిస్క్‌ని మడమ కింద నుజ్జు చేసేసింది. కొత్తది ఉందిగా అనుకుని టెన్ స్విచ్ నొక్కాడు. నల్లటి తెర. బూట్ డివైస్ లేదంటోంది.

చేసిన తప్పు అప్పుడు తెలిసింది. ఫైళ్లన్నీ తెచ్చాడు. సిస్టమ్‌ని నిద్రలేపే బూట్ పార్టిషన్‌ని, ఆ వేలెడంత ముక్కని, పాతదాంట్లోనే వదిలేశాడు. శిష్యరికంలో మూడుసార్లు ఇదే తప్పు చేసి తిట్లు తిన్నాడు. ఈసారి ఆరుగురి ప్రాణాలు. ఏడుపొచ్చింది.

పన్నెండుకి ఆరు నిమిషాలు. సీనియర్‌కి ఒక అలవాటుండేది. తాను బిగించిన ప్రతి మెషీన్‌కీ ఒక రిపేర్ పెన్‌డ్రైవ్‌ని బల్ల అడుగున టేపుతో అంటించేవాడు. కుర్చీలో కూర్చుంటే తప్ప చెయ్యి అందదు.

టెన్ కూర్చున్నాడు. వేళ్లకు టేపు తగిలింది. పీకి చూస్తే పెన్‌డ్రైవ్ మీద సన్నటి చేతిరాత: "మళ్లీ మరిచిపోయావా?"

దాంతో కొత్త డ్రైవ్‌లో బూట్ ఫైళ్లు రాయించి రీస్టార్ట్ చేశాడు. పదకొండు యాభై తొమ్మిది. తెర వెలిగింది.

"వచ్చావా? ముందు చేతులు కడుక్కో."

సరిగ్గా పన్నెండుకి సిగ్నల్ వెళ్లింది. ఒక్కొక్కటిగా ఆరు జవాబులూ వచ్చాయి.

టెన్ తన చేతులు చూసుకున్నాడు. దుమ్ము, టేపు జిగురు.

"వెళ్తున్నాగా గురువుగారూ," అని గొణుక్కుంటూ లేచి సింకు దగ్గరికి నడిచాడు.