శోకసవరణ

పొద్దుటి నుంచి నాలుగు వార్డులు సాపు చేసి, హేమలత ఐదోదాన్ని తెర మీదికి తెచ్చుకుంది. వార్డు పటంలో ఇళ్లు చుక్కలుగా వెలిగాయి. గొడుగు పార్టీ వైపు మొగ్గినవి ఇటుక రంగులో, నిచ్చెన పార్టీ వైపు మొగ్గినవి వంకాయ రంగులో. అక్కడక్కడ ఏదో ఒక చుక్క ఎటూ నిలవలేక మినుకుమినుకుమంటుంది. దాని మీద వేలు పెడితే యంత్రం తయారుచేసిన ఆ మనిషి నీడ తెరుచుకుంటుంది. ఏం కొన్నాడు, ఎవరితో ఎంతసేపు మాట్లాడాడు, ఏ మాట దగ్గర గొంతు పెరిగింది, ఎవరి మొహం కనపడగానే లేచి వెళ్లిపోయాడు, అన్నీ అందులో ఉంటాయి. ఇంట్లో అల్లుడితో తగాదా పడి అల్లుడి పార్టీని తిట్టాడా, నిజంగానే మనసు మార్చుకున్నాడా అన్నది తేల్చడం హేమలత పని. తగాదా అయితే చుక్కను మళ్లీ పాత రంగులోకి నెట్టాలి. ఆఫీసులో దాన్నే సాపు చేయడం అంటారు.

పార్లమెంటు ఎన్నికలకు ఇంకా రెండు వారాలే ఉన్నాయి. ఆ రోజు ఎవరూ గడప దాటక్కర్లేదు. ఎవరి నీడ వాళ్ల తరఫున ఓటేస్తుంది. ఎండల్లో పోలింగు వరసల్లో నిలబడి జనం రాలిపోతున్నారని తెచ్చిన చట్టం అది. అప్పుడు హేమలత కాలేజీలో ఉంది. వరసలో నిలబడి ఇంటికి తిరిగి రాని మేనత్త గుర్తొచ్చి, మంచి చట్టమేనని మనసారా నమ్మింది. ఆ నమ్మకంతోనే ఈ ఉద్యోగంలో చేరింది.

ఐదో వార్డు నల్లగుట్ట పునరావాస కాలనీ. ప్రాజెక్టు కింద మునిగిన ఊరికి బదులుగా గొడుగు పార్టీ కట్టించిన కాలనీ. ఎప్పుడు చూసినా ఇటుకల బట్టీలా ఒకటే రంగు. ఇవాళ మాత్రం దాదాపు పటమంతా వంకాయ రంగు పరుచుకుంది. హేమలత కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఆమె చూస్తుండగానే, ఎవరి వేలూ తగలకుండానే, ఒక మూల నుంచి చుక్కలు ఒక్కొక్కటిగా వెనక్కి ఇటుక రంగులోకి తిరిగాయి. అన్నీ తిరిగాక పటం పైన ఒక మాట వెలిగింది: శోకసవరణ పూర్తయింది.

ఆమె లేచి నేరుగా పర్యవేక్షకుడు వేణుమాధవ్ గదిలోకి వెళ్లింది.

"నల్లగుట్టను ఎవరు సాపు చేసిన్రు సార్?"

"ఎవరూ చేయలేదు. యంత్రమే సవరించుకుంది." వేణుమాధవ్ తల ఎత్తలేదు. "ఆ కాలనీలో ఒకావిడ వడదెబ్బకు చనిపోయింది. చావు తర్వాత వచ్చే కోపం నిలవదు హేమలతా. పాత ఎన్నికలన్నీ చూపిస్తున్నది అదే. నెల తిరిగేసరికి చల్లారిపోతుంది. చల్లారే కోపాన్ని ఓటని లెక్కిస్తే ఫలితం తప్పు వస్తుంది కదా."

"ఎన్నిక నెల తర్వాత కాదు కదా సార్. ఆ రోజుకు వాళ్లకు కోపం ఉంటే?"

"ఉండొచ్చు. కానీ చల్లారాక ఎట్లా ఉంటారో, అదే అసలు మనుషులు. మనం కొలవాల్సింది వాళ్లని." ఆయన ఇప్పుడు తల ఎత్తాడు. "ఒక వార్డు మొత్తం సవరణ అయితే మనిషి వెళ్లి ధ్రువీకరించాలని నిబంధన ఉంది. నువ్వే వెళ్లిరా. చూసి, 'శోకం' అని ఒక్క మాట చెప్పు, చాలు. ఈసారి సీటు ఆ చుట్టుపక్కల వార్డుల మీదే ఆగి ఉంది, ఆలస్యం చేయకు."

కాలనీ మొగదల చల్లిల్లు ఉంది. అద్దాల గోడల పొడుగాటి గది. వేడి సైరను మోగగానే ఇళ్లల్లో, షెడ్లల్లో ఉన్న జనమంతా అందులోకి చేరి, ఎండ తగ్గేదాకా కూర్చోవాలి. హేమలత వెళ్లేసరికి సైరను ఇంకా మోగలేదు. గది మెట్టు మీద యాభై దాటిన ఆడమనిషి ఒకతె కూర్చుని ఉంది. పేరు బాలామణి అని చెప్పింది. చనిపోయిన జమున ఆమె తమ్ముడి భార్య.

"మీరు నీడలోల్లా?"

"అవునమ్మా."

"అయితే కూసో. గిక్కడనే కూసో. మా జమున గిక్కడనే పడ్డది."

హేమలత కూర్చోలేక, నిలబడలేక, చివరికి కింది మెట్టు మీద కూర్చుంది.

పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో జమున పని చేసేది. ఆ రోజు సైరను మోగగానే అందరికంటే ముందు ఆమే చేరింది. తలుపుకు తాళం ఉంది. గొడుగు పార్టీ నాయకుడు వచ్చి కాలనీ జనంతో మాట్లాడతాడని, గది మురికి కాకూడదని పొద్దున్నే మూసేశారట.

"అద్దం మీద కొట్టింది," అంది బాలామణి. "రెండు చేతులతోని కొట్టింది. లోపల ఒక్క పురుగు లేదు. కుర్సీలకు తెల్లబట్టలు తొడిగి వరసగ పెట్టిన్రు. ఏసీ నడుస్తనే ఉన్నది. కుర్సీలు చల్లగున్నయి బిడ్డా, మనిషి కాలిపోయింది. కావలోనికి ఫోన్ చేస్తే, పైనుంచి చెప్పేదాక తాళం తియ్య అన్నడు. మేం రాళ్లు తెచ్చి అద్దం పగలగొట్టేసరికి ఆమెకు సోయి లేదు."

"నాయకుడు?"

"రానే రాలే. వేరే ఊర్ల ఆలస్యమైందట."

గోడలో ఒక అద్దం కొత్తది. మిగతావాటి మీద ఉన్న దుమ్ము దాని మీద లేదు. హేమలత అటు చూడకుండా ఉండాలని నేల చూసింది. ధ్రువీకరణకు అడగాల్సిన ప్రశ్న ఒకటే. అది నోట్లోకి వచ్చేసరికి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా అడిగింది.

"ఈ కోపం... ఎన్నాళ్లుంటదనుకుంటున్నరమ్మా?"

బాలామణి కొంగుతో మొహం తుడుచుకుంది. తిడుతుందనుకుంది హేమలత. తిట్టలేదు.

"కోపమని ఎవరన్నరు? కోపం ఆ దినం ఉండె. ఆ రాళ్లతోనే పోయింది. గిప్పుడు నాకు తెలిసింది. గొడుగోళ్లు మాకు ఇండ్లిచ్చిన్రు, కాదన్న. మా నాయన పాణం పోయేదాక వాళ్లకే వేసిండు, నేనూ వేసిన. మేమంటే వాళ్లకు ఏందో గిప్పుడు తెలిసింది. కోపమైతే చల్లారుతది. తెలిసింది ఎట్ల చల్లారుతది?"

అప్పటికి షెడ్డు నుంచి నలుగురైదుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో జమున భర్త గంగాధర్ కూడా ఉన్నాడు. గడ్డం మాసిపోయి, చేతుల నిండా బ్యాటరీ నలుపుతో. హేమలతకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. చెప్పకూడని మాట చెప్పేసింది.

"మీ నీడలు గొడుగుకే వేస్తయి. మీది శోకమని, పోతదని మార్చేసిన్రు."

ముందుగా బాలామణే లేచింది. "నా నోట్ల మాట గుంజుకోని, నా పేరు మీదనే ఇంకో మాట చెప్తరా? ఎవరిచ్చిన్రు మీకు గా హక్కు?"

గంగాధర్ ముందుకొచ్చాడు. అతని గొంతు మెల్లగానే ఉంది. "మేడం, జమున నీడ ఉన్నదా?"

ఉండకూడదు. హేమలత సంచిలోంచి చేతిపలక తీసి, దాని తెర మీద పటం తెరిచి వెతికింది. ఉంది. ఓటర్ల పట్టీ ముగించిన తర్వాత పోయిన మనిషి కాబట్టి తీయలేదు. కాలనీ మొత్తంలో ఎన్నడూ మినుకుమనని చుక్క అదొక్కటే. గట్టి ఇటుక రంగు, నూటికి నూరు నిశ్చయం. ఇక మనసు మార్చుకోలేని మనిషి కంటే నమ్మకమైన ఓటరు యంత్రానికి ఎక్కడ దొరుకుతుంది! ఆమె చచ్చిందని తెలిసే కదా యంత్రం ఈ కాలనీ ఏడుపును కొట్టేసింది. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె బతికే ఉంది. తనను చంపిన వాళ్లకే ఓటేయబోతోంది.

హేమలత పలకను గంగాధర్ చేతికిచ్చింది. అతను ఆ చుక్కను బొటనవేలితో తుడిచాడు, మరక అయితే పోతుందేమో అన్నట్టు. పోలేదు. తిరిగి ఇచ్చేశాడు.

హేమలత తన వేలికేసి చూసుకుంది. ఇన్నేళ్లు తన వేలితో నెట్టిన చుక్కలు ఎన్నో, ఆ తగాదాల్లో నిజంగా తెలుసుకున్న వాళ్లు ఎందరో. ధ్రువీకరణ తెర తెరిచింది. చెప్పడానికి మూడు మాటలున్నాయి: శోకం, తగాదా, తేలలేదు. మూడోది ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. తేలని వార్డులో నీడలు చెల్లవు. మనుషులే వచ్చి ఓటేయాలి.

"నల్లగుట్ట, తేలలేదు," అంది హేమలత, అందరికీ వినపడేలా.

మరోసారి చెప్పమని పలక అడిగింది. మళ్లీ చెప్పింది.

పటంలో కాలనీ రంగు మొత్తం ఊడిపోయి తెల్లబడింది. వెంటనే పలకలోంచి వేణుమాధవ్ గొంతు వచ్చింది.

"ఏం చేశావ్? ఏ వార్డూ దానంతటది నిలబడదని తెలుసు కదా నీకు? ఒకదాని నిశ్చయం పక్కదాని మీద ఆనుకుని ఉంటుంది. అటు రైల్వే గేటు వార్డు జారిపోతోంది, ఇటు మార్కెట్టు జారిపోతోంది. వెనక్కి తీసుకో!"

"ఇక్కడికి రండి సార్. ఈ మెట్టు మీద నిలబడి, వీళ్ల మొహం చూసి శోకమని మీరే చెప్పండి."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీయండి. ఓటు వాళ్లది."

అవతల ఆఫీసులో ఎవరో అరుస్తున్నారు. తెల్లబడుతున్న వార్డుల పేర్లు ఒకటొకటిగా చదువుతున్నారు. పలకలో తెలుపు కాలువ దాటింది, బస్టాండు చుట్టూ తిరిగింది, పట్నంలోకి పాకింది. హేమలత ఉండే వీధి కూడా తెల్లబడింది. అందులో ఆమె చుక్క కూడా ఉంది. ఇన్నాళ్లూ తన నీడ ఏ రంగులో ఉందో కూడా ఆమె ఎప్పుడూ తెరిచి చూసుకోలేదు.

వేడి సైరను మోగింది. షెడ్ల నుంచి జనం వచ్చి చల్లింట్లోకి చేరుతున్నారు. బాలామణి మాత్రం గుమ్మంలోనే ఆగింది.

"అయితే మేమే వచ్చి వేయాల్నా?"

"మీరే రావాలె."

"ఎక్కడికి? ఎట్ల వేస్తరు?"

హేమలతకు తెలియదు. తనకు ఓటు వయసు రాకముందే చట్టం వచ్చింది, చేత్తో ఓటేయడం ఆమె ఎప్పుడూ చూడనైనా లేదు. ఆ మాటే చెప్పింది.

"నేను వేసిన," అంది బాలామణి. "వేలికి సిరా పెడుతరు. లోపలికి రా, ఎండ కొడుతున్నది. చెప్త."