పసుపు గుర్తులు

మా బాబాయిని సముద్రం తీసుకెళ్ళలేదు. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరి ముందూ అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నోరు తెరిచి అనుకోలేదు.

బాబాయి పని, నా పని ఒకటే. వానలు కురిసే ఆ దట్టమైన అడవిలోంచి సముద్రం దాకా దిగే కాలిబాటకి గుర్తులు పెట్టడం. అక్కడ పైన ఆకులు ఎంతగా కప్పేస్తాయంటే, ట్రెక్కింగ్‌కి వచ్చినవాళ్ళకి దిక్కే తెలియదు. చెట్ల మీద అరచేయంత పసుపు రంగే వాళ్ళకి దారి. వానలయ్యాక ఆ రంగు మీద పాచి పట్టేస్తుంది. బాబాయి ముందు నడుస్తూ కత్తితో ఆ పాచి గీకుతాడు. నేను డబ్బా, కుంచె పట్టుకుని వెనకాలే వెళ్ళి గీకిన చోటల్లా పసుపు పూస్తాను. ఒకరికొకరం కనిపించం. ముందు గీకుడు వినిపిస్తోందంటే ఆయన ఉన్నట్టే.

చదువు మానేసి ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్న నన్ను, దీనికి నడిచే ఉద్యోగమే మేలని పిన్నిని ఒప్పించి తీసుకొచ్చాడు. నన్ను రంగులమ్మా అని పిలిచేవాడు. మా అమ్మాయి పసుపు పూసిందంటే కళ్ళు మూసుకుని నడిచెయ్యచ్చు అని ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర గొప్పలు పోయేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలు తిని లేచాం. మధ్యాహ్నమే గానీ చెట్ల కింద మసక. కుళ్ళిన ఆకుల వాసన, తడి మట్టి వాసన, మధ్యమధ్యలో ఎక్కణ్ణించో ఉప్పుగాలి. కీచురాళ్ళ రొదకి చెవులు గింగురుమంటున్నాయి. నేను వంగి డబ్బాలో రంగు కలుపుతుంటే ముందు నుంచి గీకుడు మొదలైంది. కర్ర్... కర్ర్... అప్పుడే వెళ్ళిపోయాడా, నన్ను పిలవకుండా, అనుకుంటూ డబ్బా ఎత్తుకుని బయలుదేరాను.

ఒక చెట్టు. పూశాను. ఇంకో చెట్టు. పూశాను. తిన్న అన్నం మత్తులో కాళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. బాబాయి ఎప్పుడూ శ్రుతి లేని పాట ఒకటి లాగుతూ గీకేవాడు. ఆ రోజు పాట లేదు. గొంతు పట్టేసిందేమో అనుకున్నాను.

తర్వాతి చెట్టు దగ్గర కుంచె ముంచి, ఆగిపోయాను.

పాచి గీకితే కింద పోయినేటి పసుపు కనబడాలి. వెలిసిపోయినా ఛాయైనా ఉంటుంది. ఈ చెట్టుకి అది లేదు. బెరడు ఊడి తెల్లటి పచ్చి చెక్క కనిపిస్తోంది. జిగురు బొట్లుబొట్లుగా కారుతోంది. వెనక చెట్టుకి వెళ్ళి చూశాను. నా రంగు అంచున అక్కడా పచ్చి చెక్కే. దాని వెనక చెట్టుకీ అంతే.

ఎడమ పక్క వినబడాల్సిన సముద్రం వినబడడం లేదు. కీచురాళ్ళు ఎప్పుడు ఆగాయో కూడా నేను గమనించలేదు.

“బాబాయ్, దారి తప్పాం” అన్నాను మెల్లగా.

ముందు గీకుడు ఆగింది.

“రంగులమ్మా... ఎంత దూరం పోయావే? నీళ్ళు పట్టుకుని వచ్చేలోపు మాయమైపోయావు.”

బాబాయి గొంతు. వెనక నుంచి. చాలా వెనక నుంచి.

నేను కదల్లేదు. అయితే ముందున్నది...

ఆకుల చప్పుడు దగ్గరవుతోంది. ఈల వేసుకుంటూ వస్తున్నాడు. నేను పూసిన పసుపు చూసుకుంటూ, తప్పు దారని అనుమానమైనా లేకుండా. రావద్దని అరిచాను. మళ్ళీ అరిచాను. గొంతు చీరుకుపోయేలా అరిచాను. ఈల ఆగలేదు.

పరుగెత్తుకుంటూ ఎదురెళ్ళాను. వేళ్ళు గోడల్లా లేచిన పెద్ద చెట్టు పక్కన ఎదురుపడ్డాడు. చేతిలో నీళ్ళ సీసా. నేనక్కడ లేనట్టే, ఆయన చూపు నా మీద నిలవలేదు. నా వెనక చెట్టు మీది పసుపు చూసి తల ఊపుకున్నాడు. రెండు చేతులతో చొక్కా పట్టుకుని లాగాను. నా వేళ్ళ రంగు ఆయన భుజానికి అంటుకుంది. తీగ తగిలినట్టు భుజం విదిలించుకున్నాడు.

ముందుకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి మసకలోంచి ఆయన మాట వినిపించింది. వెతుకుతున్న మనిషి దొరికినప్పుడు అనే మాట.

“ఇక్కడున్నావా? పద, పద.”

ఎవరో నవ్వారు. అచ్చం నాలాగే నవ్వారు.

తర్వాత గీకుడు... పాట... రెండూ దూరమయ్యాయి. ఇక వినబడలేదు. డబ్బా అక్కడే జారవిడిచి, నేను పూసిన గుర్తులే పట్టుకుని వెనక్కి వచ్చి పడ్డాను. వారం పైనే జ్వరం. నాకు మాట వచ్చేసరికి ఒడ్డున బండల మధ్య ఆయన టోపీ దొరికింది. అల లాక్కుపోయిందని అందరూ తేల్చేశారు. పిన్ని నా మొహంలోకి చూసి అంతేనా అని అడిగింది. తల ఊపాను. ఇంకేం చెప్పను? ఊరు వదిలి ఇంత దూరం వచ్చేశాను. పిన్ని ఫోన్ చేస్తే ఎత్తడం కూడా మానేశాను.

మూసేసిన ఆ బాటని రేపు మళ్ళీ తెరుస్తున్నారు. మొదటి గుంపుతో వెళ్ళి, ఆయన పోయిన చోటు ఒక్కసారి చూసొస్తానని పిన్ని పట్టుబట్టిందట. మా అన్నయ్య చెప్పాడు. ఎలా ఆపాలో తోచక రోజంతా గదిలో పచార్లు చేశాను. ఇందాక పిన్ని నుంచి మెసేజ్ వచ్చింది.

“ఇన్నాళ్ళకి ఫోన్ చేశావు, ప్రాణం లేచొచ్చిందే. నువ్వు చెప్పినట్టే గుంపుతో కాకుండా ఒక్కదాన్నే ముందు బయలుదేరతాను. నువ్వు ముందు నడుస్తానన్నావుగా, నాకేం భయం?”

ఆ ఫోన్ నేను చెయ్యలేదు.

నమ్మినా నమ్మకపోయినా అంతా చెప్పెయ్యాలి. పిన్నికి ఇప్పుడే ఫోన్ చేస్తాను. మా ఇద్దరి గొంతుల్లో నాది ఏదో పోల్చుకుంటుందో లేదో...