హుల్డా ఏడుపూ, సిక్స్‌టెన్ ధైర్యమూ

...అదే అంటున్నా, కుక్కలు కూడా ఆ గేటు దగ్గరికొచ్చేసరికి తోక ముడుస్తాయి. రా, కూర్చో, తలుపు దగ్గరగా వెయ్యి, చలి కొడుతోంది. హుల్డా ఇంటి సంగతే చెప్పుకుంటున్నాం. కాఫీ పోసుకో.

హుల్డా పోయి చాలా ఏళ్ళయింది. ఇల్లు ఖాళీ. చుట్టూ, గేటుదాకా యాపిల్ తోట. కోసేవాళ్ళు లేరు, రాలినవి రాలినట్టే కుళ్ళిపోతాయి. ఏడాదంతా అక్కడ చప్పుడుండదు. ఆకులు రాలే రోజులొస్తే చాలు... ఆ చీకట్లోంచి ఏడుపు. ఆడమనిషి ఏడుపో, జబ్బుచేసిన ఆవు మూలుగో తెలియదు. ఊఁ... ఊఁ... అని లాగి లాగి. ఉండుండి ఓ వెక్కు.

అది హుల్డా దెయ్యమేనని ఊరి నమ్మకం. అందుకే బస్సు దిగినవాళ్ళెవరూ ఆ దారిన నడవరు. చెరువు చుట్టూ తిరిగి ఇంటికి పోతారు. మన స్వీడన్‌లో నవంబరంటే తెలుసుగా, మధ్యాహ్నం కాఫీ తాగి కప్పు కడిగేలోపే చీకటి.

ఒక్క సిక్స్‌టెన్ మాత్రం రోజూ ఆ గేటు పక్కనుంచే నడిచొచ్చేవాడు.

ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఎందుకంటే సిక్స్‌టెన్ పిరికితనానికి పెట్టింది పేరు. మంచు తోసే బండి నడిపేవాడు, మనిషేమో ద్వారబంధమంత. కానీ ఎలకని చూస్తే బల్లెక్కేవాడు. పన్ను పీకించుకోడానికి వాళ్ళక్క గున్‌బొర్గ్ చెయ్యి పట్టుకుని వెళ్ళేవాడు. అలాంటివాడు దెయ్యం ఏడుస్తుంటే పక్కనుంచి నడిచి రావడమేంటి?

"మీ తమ్ముడికి గుండె గట్టిపడిందమ్మా," అన్నాడు పక్కింటి బెర్టిల్ తాత, కంచె దగ్గర నిలబడి. "నిన్న దూరం నుంచి నా కళ్ళతో చూశా. లోపల అది ఏడుస్తోంది. వీడేమో దాని మెట్ల మీదే కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు."

గున్‌బొర్గ్ నవ్వలేదు. లోపలికొచ్చి, సింకు దగ్గర నిలబడి ఏడ్చింది.

అది ధైర్యం కాదని ఆమెకి తెలుసు. భయపడాల్సిన మనిషే లోపల లేడు. ఎప్పట్నుంచో వాడికి ఆకలి లేదు, కోపం లేదు, నవ్వు లేదు. ఎలక కాలి మీద పాకినా "ఉండనీలే" అంటున్నాడు. డిప్రెషన్ అన్నారు. మాత్రలు మార్చి మార్చి చూశారు. ఏదీ పనిచెయ్యకపోతే, చివరికి పట్నం ఆసుపత్రిలో నెత్తి మీద అయస్కాంతం పెట్టి మెదడుని తట్టిలేపే వైద్యం మొదలుపెట్టారు.

రోజూ వెళ్ళేటప్పుడు గున్‌బొర్గ్ కార్లో దింపేది. వచ్చేటప్పుడు వాడు బస్సులో వచ్చేవాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది మొదటిరోజు.

"అబ్బే. వడ్రంగిపిట్ట నెత్తి మీద కూర్చుని పొడిచినట్టుంటుంది. టక టక టక... ఆగుతుంది. మళ్ళీ టక టక టక. ముందు నా తాళాలూ గడియారం బయట పెట్టించారు. తర్వాత ఎంత గట్టిగా కొట్టాలో చూడ్డానికి ఒక్కో దెబ్బ వేశారు. నా బొటనవేలు దానంతటదే ఎగిరిందక్కా."

"అయ్యో."

"వేలికున్న హుషారు నాకు లేదు," అన్నాడు. నవ్వకుండా అన్నాడు.

వారాలు గడిచాయి. మార్పు లేదు. "ఇవాళా ఏడ్చిందా అది?" అని అడిగితే, "ఏడ్చింది" అనేవాడు. ఇంట్లో పాలున్నాయా అంటే ఉన్నాయన్నట్టు. ఓసారి మరీ గట్టిగా ఏడ్చిందట. వీడు గేటు దగ్గర ఆగి, "ఊరుకో హుల్డమ్మా, ఎవరి బాధలు వాళ్ళకున్నాయి," అని చెప్పి వచ్చేశాడట.

ఓ గురువారం తేల్చి చెప్పేశాడు.

"అక్కా, ఇవాళొక్కరోజు వెళ్తా. రేపట్నుంచి నన్నడగొద్దు. ఆ కుర్చీలో నాకు బదులు బంగాళాదుంపల బస్తాని కూర్చోబెట్టినా ఒకటే."

"కొంతమందికి ఆలస్యంగా పనిచేస్తుందని నర్సమ్మ చెప్పింది కదరా. ఇంకొన్నాళ్ళు చూద్దాం."

"చూసింది చాలు."

ఈ వైద్యం కూడా వదిలేస్తే తర్వాత ఏం చెయ్యాలో గున్‌బొర్గ్‌కి తెలియదు. తమ్ముడు కళ్ళముందే ఉన్నాడు, ఎలా వెనక్కి పిలవాలో తెలియట్లేదు.

గురువారమంటే ఇక్కడ ఇంటింటా బఠాణీ సూపే కదా, సాయంత్రం అది పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడింది. బస్సు వచ్చిన చప్పుడైంది. వెళ్ళిపోయిన చప్పుడైంది.

తర్వాత... ఏమీ లేదు.

సూపు కుతకుతలాడుతోంది. బయట కారునలుపు.

అప్పుడు — దూరంగా — ఓ కేక.

హుల్డా ఏడుపు కాదు. మగగొంతు. అంత గట్టిగా, అంత పొడుగ్గా... ఎక్కడో విన్న గొంతే. ఎక్కడ... గున్‌బొర్గ్ చేతిలోంచి గరిటె జారింది. పళ్ళ డాక్టరు దగ్గర విన్నది.

అడుగులు. పరుగు. మెట్లు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. సిక్స్‌టెన్. టోపీ లేదు, ఒక కాలికి బూటు లేదు. తలుపు మూశాడు, గొళ్ళెం పెట్టాడు, కుర్చీ అడ్డం వేశాడు, ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"హుల్డా..."

"బయటికొచ్చిందా?"

"లేదు."

"పట్టుకుందా?"

"లేదు."

"మరి ఇవాళ కొత్తగా ఏం చేసింది?"

"ఏం చెయ్యలేదక్కా. రోజూ ఏడ్చినట్టే ఏడ్చింది." పళ్ళు కొట్టుకుంటుంటే మాట సరిగ్గా రావట్లేదు. "నాకే... వెన్నులో జర్రుమంది. కాళ్ళు ఆగలేదు. చూడు, చేతులు ఎలా ఉన్నాయో."

ఆమె చూసింది. పది వేళ్ళూ వణుకుతున్నాయి. ఎవరూ అయస్కాంతం పెట్టకుండానే.

ఏప్రన్ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతున్నావా?"

"లేదురా. సూపు తాగు."

తాగాడు. ఒక గిన్నె అయ్యాక ఇంకోటి పోయించుకుని, "ఉప్పు తక్కువేశావ్," అన్నాడు. వాడు వంటకి వంకపెట్టి ఎన్నాళ్ళయిందో.

ఇంతలో తలుపు దబదబ. సిక్స్‌టెన్ బల్ల కింద ఉన్నాడు.

వచ్చింది బెర్టిల్ తాత, చేతిలో టార్చి. "కేక విన్నా. ఎవర్ని పట్టిందమ్మా?"

"మావాణ్ణే. ఒక బూటు అక్కడే వదిలేశాడు. తెద్దాం పద."

ముందు తాత, వెనక గున్‌బొర్గ్, ఆమె కోటు రెండు చేతులా పట్టుకుని సిక్స్‌టెన్. ఇంట్లో ఒక్కడే ఉండలేనన్నాడు మరి.

గేటు. గాలి లేదు. బూటు కనపడింది. తీసుకోబోతుంటే —

ఊఁ... ఊఁ...

తాత టార్చి లోపలికి తిప్పాడు. వెలుగు చెట్ల మీద తిరిగింది. అటు... ఇటు... ఆగింది. మనిషి కన్నా ఎత్తులో — రెండు కళ్ళు.



ఆ కళ్ళ కింద వేలాడే పెద్ద పెదవి. దాన్నిండా యాపిల్ గుజ్జు. అది వెక్కింది. గుప్పున సారా వాసన.

గుర్రం కన్నా పెద్ద దుప్పి. పులిసిన యాపిల్స్ పీకలదాకా మేసి, మత్తెక్కి, ఇవాళ కొమ్ములు కూడా చెట్టు పంగలో ఇరికించుకుని, దిక్కుతోచక మూలుగుతోంది. ఏటా ఆకురాలే కాలంలో ఊరిని హడలగొట్టింది ఇదో, దీని తాతో.

ఫైరింజన్ వాళ్ళు వచ్చి చెట్టుకొమ్మ కోశారు. అది నాలుగడుగులు వేసి, పోయి గేటుకి గుద్దుకుని, క్షమించమన్నట్టు గేటుకి తల వంచి, తూలుకుంటూ అడవిలోకి పోయింది.

"ఏమయ్యా సిక్స్‌టెన్," అన్నాడు తాత, గొంతు సర్దుకుని. "దెయ్యాన్ని ఓదార్చి వచ్చినవాడివి. తాగుబోతు దుప్పికి బూటు వదిలేసి పరిగెత్తావా? ఊళ్ళో నీ పరువేం కానూ?"

వాడు అక్క వెనకనుంచి బయటికి రాలేదు.

ఇంటికి నడిచారు. గున్‌బొర్గ్ రేపటి సంగతి ఎత్తలేదు. అడిగితే కాదంటాడేమోనని నోరు రాలేదు. గుమ్మం దగ్గర వాడే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక్కి చీకట్లోకి ఓసారి చూసి, గుసగుసగా ఓ మాటన్నాడు. గున్‌బొర్గ్ ఆ మాట ఎవరికి చెప్పినా, ఒక్క ముక్క పోకుండా వాడన్నట్టే చెప్తుంది:

"అక్కా, రేపు ఆసుపత్రికి పోయేటప్పుడు కారు ఈ దారిన పోనివ్వకు. చెరువు చుట్టూ తిరిగి పోదాం. నాకు భయం."