మాల్‌ఖానా వాసన

"సాయంత్రం అయిదింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద. తేడా వస్తే ధాత్రి బతకదు."

చీఫ్ రాజనర్సయ్యకు ఉపోద్ఘాతాల అలవాటు లేదు. పంజాగుట్టలో చీరల షాపు పైన ఉన్న సీక్రెట్ ఆఫీసులో అప్పుడు టైము పదకొండు. ఎదురుగా ఏజెంట్ విజయేందర్.

విదేశీ ముఠాలో మారుపేరుతో తిరుగుతున్న మన ఏజెంట్ ధాత్రి. ఆమె అసలు ఫోటో, పేరు రవళి ఫోన్‌లో ఉన్నాయి. రవళి ఒకప్పుడు మన మనిషే, ఇప్పుడు వాళ్ళ మనిషి. అందగత్తె, అంతకు రెండింతలు తెలివైనది.

"ఫోన్ ఇచ్చి, కొరియర్ దగ్గర కొత్త పాస్‌పోర్ట్ తీసుకుంటది. ఆ కొరియర్‌ను మనం సోమవారమే పట్టుకున్నం. వాని మొహంగానీ నీ మొహంగానీ ఆమె ఎన్నడూ చూడలే. ఆవపిండి రంగు జాకెట్, కోడ్ వర్డ్. గంతే గుర్తు. ఆ జాకెట్ నువ్వేసుకొని పోతవ్. జర అనుమానమొచ్చినా ఫోటో సెండ్ కొడ్తది."

కేసుల్లో పట్టుకున్న సామాన్లు దాచే మాల్‌ఖానా ఇన్‌చార్జి ఐలయ్య సీలు తెంచి పాలిథిన్ కవర్ విప్పాడు. గదంతా గుప్పుమంది. వానలో తడిసిన జాకెట్‌ను మూడు రోజులు కవర్లో బిగించి పెట్టాడు మహానుభావుడు.

"రూల్ ప్రకారమే సీల్ చేసిన సార్."

"రవళి మన మాల్‌ఖానాలో రెండేండ్లు పనిచేసింది" అన్నాడు చీఫ్ ముక్కు మూసుకుని. "ఈ వాసన ఆమెకు బాగా ఎరుక."

పదకొండున్నరకు విజయేందర్ అమీర్‌పేట గల్లీలో సత్తెమ్మ ఇంట్లో ఉన్నాడు. ఇరవయ్యేళ్ళుగా హాస్టళ్ళ బట్టలు ఉతుకుతూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు చేరవేసే మనిషి ఆమె.

"సెంటు కొడదామా అక్కా?"

"కంపు మీద సెంటు కొడితే రెండు కంపులైతయ్ బిడ్డా. సప్పుడు జెయ్యక కూసో."

సగం బకెట్ నీళ్ళలో కప్పు తెల్ల వెనిగర్ పోసి జాకెట్ ముంచింది. అరగంట. శుభ్రంగా జాడించి, కాలరుకూ చంకలకూ వంటసోడా రుద్దింది. ఇంకో అరగంట.

"రెండూ ఒక్కసారే వేస్తే టైం కలిసొస్తది కదా?"

"కలిపితే ఒకదాని పని ఒకటి చెడగొడ్తది."

మళ్ళీ జాడించి, పిండి, జాకెట్ తిరగేసి డాబా మీద ఆరేసింది. రెండింటికి మబ్బు కమ్మింది. విజయేందర్‌కు నిజంగానే భయం వేసింది. జాకెట్ కిందికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టారు. నాలుగున్నరకు ముక్కిపోయిన వాసన లేదు కానీ చంకల దగ్గర ఇంకా తడి ఉంది.

"పూర్తిగ ఆరేదాక వెనిగర్ వాసన పోదు" అంది సత్తెమ్మ.

"టైం లేదక్కా."

అయిదు. మెట్రో పిల్లర్ పక్కన నల్లకళ్ళద్దాలతో రవళి. కోచింగ్ కరపత్రాలు పంచేవాళ్ళ మధ్య నుంచి విజయేందర్ ఆమెను చేరుకున్నాడు.

"నెక్స్ట్ బ్యాచ్ ఎప్పుడు?" అంది.

"సోమవారం. ఫ్రీ డెమో ఉంది."

రవళి దగ్గరికొచ్చి కాలరు సర్దుతున్నట్టు వంగింది. గాలి పీల్చింది. ఫోన్ మీద ఆమె బొటనవేలు సెండ్ దగ్గరే ఉంది.

"ఏంటి, పుల్లటి వాసన?"

ధాత్రి మొహం విజయేందర్ కళ్ళ ముందు మెదిలింది. రోడ్డు పక్కన ఫాస్ట్‌ఫుడ్ బండి కనబడింది.

"ఆ బండి కాడ నూడుల్స్ తిన్న మేడమ్. వెనిగర్ సగం నా మీదనే ఒంపిండు."

రవళి అటు చూసింది. బండివాడు పెనం మీద సీసా గుమ్మరిస్తున్నాడు. ఆమె పెదవి మీదికి నవ్వొచ్చింది. బొటనవేలు పక్కకు జరిగింది.

"ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా ఆ నూడుల్స్ మాత్రం తినలేకపోయాను" అంటూ ఫోన్ అతని చేతిలో పెట్టి, పాస్‌పోర్ట్ కోసం చెయ్యి చాపింది.

ఆ చేతికి బేడీ పడింది. ఫోటో డిలీటయింది. విజయేందర్ అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

జనంలోంచి ఐలయ్య పాలిథిన్ కవర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఎవిడెన్స్ సార్! జాకెట్ విప్పియ్యిర్రి, సీల్ చేస్త."

విజయేందర్ చంక తడిమి చూసుకున్నాడు. ఇంకా తడిగానే ఉంది.

"ఐలయ్యా, ఇంకో జత బేడీలున్నయా?"