టేపుల గదిలో ఊపిరి

మా రికార్డింగు ఆఫీసులో కింది అంతస్తు టేపుల గదికి మంచి పేరు లేదు. చీకటిపడ్డాక అక్కడ ఒంటరిగా కూర్చుంటే చెవిలో ఎవరో ఊపిరి పీలుస్తారట. నాకంటే ముందు ఇద్దరు కారణం చెప్పకుండానే మానేశారని వాచ్‌మన్ బాబాయి చెప్పాడు.

ఇది మూడో మనిషి కథ. ఎవరో అమ్మాయికి జరిగిందని రాద్దామనుకున్నాను గానీ... అంత తెలివితక్కువది నేను కాక ఇంకెవరుంటారు?

వీడియోలు చూసి పని నేర్చుకున్నదాన్ని. మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. ఆ మర్నాటితో గడువు సరి. మాస్టారు — మా సౌండ్ ఇంజనీరు, మాట పొదుపు మనిషి — ఒక పాత టేపు చేతికిచ్చి, గరగర తీసేసి పొద్దున్నకి వినిపించమన్నారు. అయిదువందల ఏళ్ళ కిందటి యూరపు రినైసెన్స్ నాట్యాల బాణీలు, పద్నాలుగు. వాద్యాలు కూడా ఆనాటి తీరులో చేసినవే: చెక్క వేణువు, ల్యూట్ అనే తీగల వాద్యం, ఫిడేలుకు ముత్తవ్వలాంటిదొకటి, చిన్న డోలు.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. టేపు తిరిగింది.

హ్హ్...

సరిగ్గా ఎడమ చెవిలో.

తీసేశాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకున్నాను — వేణువు, డోలు, కాలు ఆగనివ్వని నాట్యం. అయిపోయింది. నిశ్శబ్దం... హ్హ్...

ప్రతి నాట్యానికీ ముందు!

బాబాయిని పిలుద్దామంటే సిగ్గు. పారిపోదామంటే ఉద్యోగం. కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని, కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీలో దెయ్యాన్ని మౌసుతో కోసి పారేశాను. పద్నాలుగు ముక్కలు. ఇంటికెళ్ళి అక్క దగ్గర గొప్పలు కూడా పోయాను, దెయ్యాన్ని డిలీట్ చేసిన మొదటి మనిషిని నేనేనని.

పొద్దున్న మాస్టారు విన్నారు. కళ్ళజోడు తీశారు.

"నా ఊపిరేదమ్మా?"

నాకు ఊపిరాడలేదు.

ఆ టేపులో వేణువు వాయించింది ఆయనే. చెయ్యి ఊపి మొదలుపెట్టించేవాడు లేని మేళం. ఆయన పీల్చే ఊపిరే మిగతా ముగ్గురికీ సైగ. ముందు ఇదే టేపు విన్న ఇద్దరికీ ఎందుకు చెప్పలేదంటే, అడక్కుండా పారిపోతే ఏం చెప్పనన్నారు. అసలు టేపు పదిలంగానే ఉంది కాబట్టి, ఊపిరులన్నీ మళ్ళీ అతికించు, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఆయన పక్కన కూర్చుని, లెక్కపెడుతూ అతికించాను. పద్నాలుగు. ఆఖరి నాట్యం అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతోంది...

హ్హ్...

రాత్రి అంతవరకూ వినే ధైర్యం నాకెక్కడిది?

"ఇదీ మీదేనా, మాస్టారూ?" గొణిగాను.

ఆయన టేపు ఆపారు.

"కాదు. మా డోలువాడిది. ఇంకొక్కటి వాయిద్దామనేవాడు, ఎప్పుడూ... పోయి ఇరవయ్యేళ్ళు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "దీన్ని మాత్రం కొయ్యకు. సోమవారం తొందరగా రా."

వెళ్తున్నాను. కాకపోతే ఆ గది తలుపు తీసేముందు నేనూ గట్టిగా ఊపిరి పీలుస్తాను — నేనొచ్చానని వాళ్ళకి తెలియాలిగా.