గాజు వెనక గీసిన చక్రం

సుంకన్న పేరు చెప్పి మూడుసార్లు ఉమ్మనిదే గంగన్న అంగడి తలుపు తీయడు. బళేపేట సందులో పటాలకు ఫ్రేములు కట్టి బతికే మనిషి కొంప కూల్చాడు వాడు!

పాతసామాన్ల బేరగాడినంటూ వచ్చి, ఫ్రేములు కట్టమని నాలుగు గాజుపటాలు ఇచ్చాడు. దొరల కాలం నాటివి. భూఖండాలను ఆడరూపాలుగా, గాజు వెనకనుంచి రంగులద్ది చేసినవి. గుర్రం పక్కన యూరప్, ఏనుగు తొండం తలపాగాతో ఆఫ్రికా, ఈకల కిరీటంతో అమెరికా, ధూపపాత్రతో ఆసియా. క్షుద్రోపాసకుడైన సుంకన్న కళ్లకు మాత్రం వాళ్లు నలుగురు యక్షిణులు!

"ధూపం పట్టిండే ఆయమ్మకు రంగు రాలిపోయిండాదప్పా. నీ పెండ్లాం చెయ్యి మంచిది కదా, అద్దించు" అని రంగు తానే కలిపి ఇచ్చాడు. అందులో శ్మశానభస్మం ఉందని గంగన్నకేం తెలుసు? కుంచె పట్టిన సాయంత్రమే పుష్పావతి కళ్లు తేలేసింది... గొంతు మారింది... అన్నం తోసేసి గుప్పెడు మన్ను తింది!

"యక్షిణి పట్టిండాది. విడిపిస్తా. నీ దొడ్డబళ్ళాపురం చేను నా పేర రాయి" అన్నాడు సుంకన్న.

ఆ మాటకు పుష్పావతి తన సొంత గొంతుతో ఏడ్చింది. "చేను పోతే నన్ను యాడ పూడుస్తావు? ఆ చేన్లోనే మీ అమ్మ పక్కన పెట్టాల నన్ను..."

"ఊరికే సుమ్మనుండే! నువ్వే లేకుంటే నాకు చేనెందుకు?" అంటూనే గంగన్న సంతకం పెట్టేశాడు.

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కాటుకమబ్బులు సూర్యుణ్ణి మింగేశాయి. ఉరుములు... పట్టపగలే గుడ్లగూబ కూత... అంగడి వెనక గదిలో కపాలం కనుగుంటల్లో ఒత్తులు భగ్గుమన్నాయి!

"ఈ ఆడదాని ప్రాణం నీకు బలి! యక్షిణీ, నాకు దాసివి కా!" అని అరిచాడు సుంకన్న.

విడిపించడానికి కాదు... చంపడానికి! గంగన్న లేవబోయాడు. కాళ్లు శిలలయ్యాయి.

సుంకన్న మసిలో వేలు ముంచి, ఆసియా పటం వెనకవైపు కుడిచుట్టుగా బంధనచక్రం గీశాడు. గాజుపటానికి వెనక కుడి అయితే ముందు ఎడమ. పటం ముందు కూర్చున్న పుష్పావతి వైపు అది ఎడమచుట్టు... విమోచనచక్రం! గంగన్న ఆ తిరగబాటు కనిపెట్టాడు. పుష్పావతి పెదవి మీద వేలు పెట్టుకుంది.

"యక్షిణినంట్రా నేను?" ఆమె గొంతులో దిగంతాలు గర్జించాయి. "మట్టిని రా! భూమిని కట్టేసి ఏలుకుంటావా?"

గాజు భళ్లున పగిలింది. నేల నోరు తెరిచింది!

"తప్పయిపోయింది తల్లీ..." సుంకన్న కూరుకుపోయాడు. నడుము... గొంతు... ఆఖరికి కపాలం పట్టుకున్న చెయ్యి! నేల మూసుకుంది. ఒక్క బండ కూడా చిట్లలేదు.

భూదేవిని మోసిన ఒళ్లు ఇక నిలవలేదు. గంగన్న ఒడిలో వాలిపోతూ "చేనికి తీసకపో..." అంది పుష్పావతి. అదే ఆఖరి మాట.

శవాన్ని ఆటోలో పెట్టుకొని పోయాడు గంగన్న. చేనికి కొత్త గేటు వేసి ఉంది. సుంకన్న అప్పటికే ఇళ్లస్థలాల లేఔటువాళ్లకు అమ్మేశాడట. "ఇక్కడ నీదేముండాదప్పా, వెనక్కి తిప్పు" అన్నాడు కావలివాడు.

ఊరందరికీ ఉన్న శ్మశానంలో, ఎవరి పక్కనో పూడ్చి వచ్చాడు. భూదేవి సుంకన్నను మింగింది గానీ గంగన్న నేల గంగన్నకు తిరిగి రాలేదు... ఆరడుగులు అడిగిన ఇల్లాలికి ఇవ్వలేకపోయిన నేల... రెండెకరాల పదహారు గుంటలు!