పొద్దు గూకని ఊరికి ప్రయాణం

ఆ ఇంట్లో గొంతెత్తి మాట్లాడే అలవాటు లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు మరి! ఆయన బేకరీలో రాత్రంతా రొట్టెలు కాల్చి తెల్లారాక ఇల్లు చేరతారు. ఆవిడ పగలంతా తపాలా ఆఫీసు కౌంటర్లో కూర్చుని సాయంత్రానికి వస్తుంది. చెంచా కింద పడినా ఇద్దరికీ గుండె గుభేలుమంటుంది. పక్కింటివాళ్లు వాళ్లని చిలకాగోరింకలంటారు. పోట్లాడుకోవాలన్నా ఇద్దరూ ఒకే వేళకి మెలకువగా ఉండాలి కదా!

పెళ్లయిన వారానికే ఆయనకు రాత్రి డ్యూటీ పడింది, హనీమూన్ వాయిదా పడింది. తర్వాత పాప పుట్టడం, దాని చదువు, దాని పెళ్లి. ఇన్నాళ్లకు ముహూర్తం కుదిరింది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడని ఎక్కడో చదివి ఆవిడే పట్టుబట్టింది. తీరా ప్రయాణం రేపనగా, ఆవిడకు కాలు ఒకచోట నిలవడం లేదు. సెలవు పెట్టి, పొద్దున్నే పెట్టె ముందు కూర్చుని సర్దింది తీస్తూ, తీసింది సర్దుతూ ఉంది.

ఆయన వచ్చి, చొక్కా మీది పిండి కూడా దులుపుకోకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఇదిగో, బేకరీకి కొత్త ఓవెన్ వస్తోందట," అన్నారు గుసగుసగా. "నేను లేకపోతే మావాళ్లు అన్నీ మాడ్చిపారేస్తారు. ఈసారికి ఆగుదామా?"

మొదట నడుం నొప్పన్నారు. తర్వాత విమానమంటే భయమన్నారు. ఇప్పుడు ఓవెన్!

"ఆగడమేంటండీ? రేపే కదా విమానం!"

"పోనీ, పాపని తీసుకెళ్లు. దానికీ సరదాగా ఉంటుంది."

"హనీమూన్‌కి కూతుర్ని తీసుకెళ్లమంటారా!" ఆవిడ గొంతు ఇల్లు అదిరేలా లేచింది. "నాతో రావడం ఇష్టం లేదని ఒక్క ముక్క చెప్పండి. పీడా పోతుంది!"

సాగనంపడానికి వచ్చిన కూతురు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, మెల్లగా! నాన్న పడుకున్నా..." అనబోయి, ఎదురుగా నిలబడ్డ తండ్రిని చూసి నాలుక్కరుచుకుంది.

ఎవరికీ నవ్వు రాలేదు.

"చూశావా," అన్నారాయన భార్యతో. "దాని లెక్కలో నేను నిద్రపోయే మనిషినే. నీకు మాత్రం నేనేం తెలుసు? నాకు దుప్పటి కప్పావు, అన్నం మూతపెట్టి వెళ్లావు. అక్కడ పొద్దే గూకదట. రోజంతా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోవాలి. రెండోరోజుకే మాటలు అయిపోతే? 'ఇన్నేళ్లూ ఈయనతోనా కాపురం చేసింది' అని నీకనిపిస్తే?" ఆయన చొక్కా మీది పిండి దులుపుకున్నారు. "ఇక్కడే ఉంటే ఆ సంగతి నీకు తెలీకుండా గడిచిపోతుంది కదా, అనుకున్నా."

ఆవిడ గట్టిగా జవాబు చెప్పబోయింది. ఆ కోపంలోనే చూపు పెట్టె మీద పడింది. చలిబట్టలు ఒక మూల నలిగి ఉన్నాయి. మిగతాదంతా ఊలు ఉండలు, లావుపాటి నవలలు, గళ్లనుడికట్ల పుస్తకాలు. వాటిని ఎందుకు కుక్కిందో ఆ క్షణందాకా ఆవిడకే తెలీదు. తెలిశాక కళ్లలో నీళ్లు ఆగలేదు.

"నేనూ తక్కువదాన్నేం కాదండీ," అంది. "మీకేం చెప్పాలో తోచకపోతే ఎటు తల దాచుకోవాలా అని వీటన్నిటినీ నింపాను. భయం మీ ఒక్కరిదే అనుకున్నారా?"

నవలలూ ఊలూ తీసి కూతురి చేతుల్లో పోసింది. ఆయన వచ్చి పెట్టె పక్కనే నేలమీద చతికిలబడ్డారు.

"మరి నిజంగానే మాటలు అయిపోతే?"

"పోట్లాడుకుందాం. ఆ పోట్లాటలూ వాయిదా పడే ఉన్నాయిగా."

"ఓవెన్?"

"మాడితే మాడనివ్వండి. ఇక వెళ్లి పడుకోండి, రాత్రంతా నిలబడి వచ్చారు."

ఆయన కదల్లేదు. "ఈ వేళప్పుడు నువ్వేం చేస్తుంటావో నాకు తెలీదు," అన్నారు. "ఇవాళ చూస్తాను."

ఆ వయసులో ఆవిడకు సిగ్గు ముంచుకొచ్చింది. "చూడ్డానికేముంది? సెలవు రోజైతే గిన్నెలు తోముకుంటాను."

"అయితే పద," అంటూ ఆయన చొక్కా చేతులు పైకి మడిచారు.